గడప ముందు కిర్రు చెప్పులు

ఆ చెప్పులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. తోలు ఎండి బిరుసెక్కింది, వేలి పట్టీ ఒకటి తెగింది, కిర్రుమనడం ఎప్పుడో మానేశాయి. పారెయ్యమని చెప్పిచూసిన వాళ్లంతా నా నోటికి జడిసి ఊరుకున్నారు. అవి మా బాపువి. ఆదిలాబాద్ జిల్లాలో నేను డాక్టరుగా పనిచేసిన రోజుల్లో మా ఇంటికి మగదిక్కు ఆ జత చెప్పులే.

మాది కరీంనగర్. బాపు కచేరీలో గుమాస్తా. నా చదువు నిజాం కాలంలో ఉర్దూలో మొదలైంది. రాజ్యం మారాక తెలుగులోకి వచ్చింది, ఆ తర్వాత ఇంగ్లీషులోకి పోయింది. భాష మారినప్పుడల్లా ఏడ్చాను, ఏడుస్తూనే నేర్చుకున్నాను. మారకుండా ఉన్నది నా వెంట వచ్చే తోడు ఒక్కటే. ఆడపిల్ల ఒంటరిగా బడికి పోవడం మా వాడకట్టులో లేదు కాబట్టి మేనత్త నాతో వచ్చి, చివరి గంట కొట్టేదాకా బడి బయట అరుగు మీద దీపం వత్తులు చేసుకుంటూ కూర్చునేది. ఆమె బాపుకు అక్క. కాపురానికి పోకముందే భర్త పోయాడు. అప్పటినుంచీ తమ్ముడి నీడనే బతికింది. అక్షరం ముక్క రాదు. నేను అత్తమ్మా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. నిజానికి నన్ను కన్న అవ్వ కంటే ఎక్కువ సేపు నన్ను కనిపెట్టుకుని ఉన్నది ఆమే.

హైదరాబాదుకు పోయి డాక్టరీ చదివాను. వాడకట్టంతా వెనక నవ్వుతున్నా నన్ను చదివించింది బాపే. ఈ మాట ముందే చెప్పిపెట్టుకోవాలి, లేకపోతే తర్వాతి సంగతులు విని ఆయన్ను చెడ్డవాడనుకుంటారు. చదివించిన కొద్దీ ఆయనకు బెంగ కూడా పెరిగింది. మెట్రిక్ అయినప్పుడు మా వాళ్లలో నాకు తగిన పెళ్లికొడుకులు కొందరు ఉన్నారు. ఇంటరు అయ్యేసరికి పలచబడ్డారు. డాక్టరీ అయ్యేసరికి అసలు లేరు. పెళ్లికొడుకు పెళ్లికూతురి కంటే ఒక్క మెట్టన్నా ఎక్కువ చదవాలన్నది మా వాళ్ల పట్టింపు. నేను మెట్లన్నీ ఎక్కి మిద్దె మీద నిలబడి చూస్తే పక్కన పిట్ట కూడా లేదు. అవ్వ ఇందుకు కనిపించిన దేవుడికల్లా మొక్కేది. నాకు నవ్వొచ్చేది.

నవ్వు రానిది ఆస్పత్రి దగ్గర. సొంత ఊళ్లోనే ఒక ఆస్పత్రిలో చేరాను. అక్కడి పెద్దాయన నన్ను కాన్పుల గదికి అప్పజెప్పాడు. కాన్పులు చేయడం నాకు ఇష్టమే. కానీ నా మనసంతా ఆపరేషన్ మీద. కాలేజీలో నా చేతి పనితనం చూసి మెచ్చుకున్న వాళ్లున్నారు. ఇక్కడ ఆ గది గుమ్మం దాకా పోయినప్పుడల్లా పెద్దాయన, నీకెందుకమ్మా ఈ నెత్తురు గొడవ, నువ్వు పురుళ్లు చూసుకో అనేవాడు. పురుళ్లలో నెత్తురు ఉండనట్టు! నాతోపాటు చదివి, నాకంటే వెనకబడిన ఒకబ్బాయి నా తర్వాత వచ్చి చేరాడు. చేరిన వారంలోనే కత్తి పట్టాడు. ఆ రోజు ఇంటికొచ్చి చేతిలో ఉన్న గిన్నెను గోడకేసి కొట్టాను. సొట్ట పడిన ఆ గిన్నెలోనే అవ్వ చాలా కాలం చింతపండు నానేసింది.

చదువుకున్న ఆడవాళ్లు సొంత ఊరు వదిలి ఎందుకు పోతారని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు ఉంది. ఊరు నన్ను పొమ్మనలేదు. ఉండమన్నది, కాకపోతే ఆ ఒక్క గదిలో ఉండమన్నది. నాకు ఇంకో గది కావాలి. అది గోదావరి అవతల దొరికింది.

ఆదిలాబాద్ జిల్లాకు బదిలీ అంటే ఆ రోజుల్లో శిక్ష పడ్డట్టే. అడవి, చలిజ్వరం, ఎలుగుబంట్లు. బదిలీ పడ్డ మగ డాక్టర్లు ఎవరో ఒకరిని పట్టుకుని రద్దు చేయించుకునేవాళ్లు. కాగజ్‌నగర్‌లో రైలు దిగి, బస్సులో అడవి దారి పట్టుకుని పోతే వచ్చే ఒక చిన్న ఊరి సర్కారు దవాఖానాలో పెద్ద డాక్టరు కింద రెండో డాక్టరు కుర్చీ ఏళ్లుగా ఖాళీగా పడి ఉంది. ఎవరికీ అక్కర్లేదు కాబట్టి నాకు దక్కింది. ఆ కుర్చీని వద్దన్న ప్రతి మగవాడికీ నేను మనసులో దండం పెట్టుకున్నాను.

బాపు ససేమిరా అన్నాడు. తోడు లేకుండా ఆడపిల్లను అడవిలోకి పంపేది లేదన్నాడు. మరి తోడు ఎవరు? అవ్వ వస్తే బాపుకు అన్నం ఎవరు వండాలి? వదినలు వస్తే అన్నలకు ఎవరు వండాలి? ఇల్లంతా గాలిస్తే, తను కదిలితే ఏ మగవాడి అన్నమూ ఆగిపోని ఆడది ఒక్కతే కనిపించింది. అత్తమ్మను ఎవరూ అడగలేదు కూడా. ఆమె లేచి మూట కట్టుకుంది. కట్టుకుంటూ తమ్ముణ్ణి ఒకటే అడిగింది, అటక మీద పడేసిన పాత కిర్రు చెప్పులు ఇస్తవా అని. బాపు నవ్వి, నీకెందుకక్కా అన్నాడు. కావాలె, అన్నది ఆమె. మా ఇళ్లలో ఆడవాళ్లు చెప్పులు తొడిగేవాళ్లు కారు. అత్తమ్మ లాంటి వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే బాపుకు అంత నవ్వొచ్చింది.

అవి ఎందుకో ఆ ఊళ్లో దిగిన రోజే తెలిసింది. ఆడవాళ్లిద్దరికే ఇల్లు ఎవరిస్తారు? రెండిళ్ల వాళ్లు తలుపు సందులోంచే లేదన్నారు. మూడో ఇంటి అరుగు మీద అత్తమ్మ మూట విప్పి, బాపు చెప్పులు తీసి, కొంగుతో తుడిచి, గడప ముందు వరసగా పెట్టి కూర్చుంది. ధాన్యం వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం వాళ్లది, పక్క పక్కనే రెండిళ్లు. ఆ ఇంటావిడ వచ్చి చెప్పులు చూసింది, మమ్మల్ని చూసింది, సాబ్ వెనక సామానుతో వస్తున్నాడనుకుంది. తాళంచెవి ఇచ్చేసింది. అద్దె ఇల్లు నా డిగ్రీకి రాలేదు, పాత చెప్పులకు వచ్చింది.

ఆ రోజునుంచీ అత్తమ్మకు అదో పని. పొద్దున్నే వాకిలి ఊడ్చి చెప్పులు గడప ముందు పెట్టేది. ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు. వానాకాలంలో కాస్త బురద అంటించేది. దీపాలు పెట్టే వేళకు తీసి లోపల పెట్టేది. అయితే ఏనాడూ అబద్ధం మాత్రం ఆడలేదు. ఇంటాయన ఏడని ఎవరైనా అడిగితే చెప్పుల వంక చూపించి, గివి ఉన్నన్ని దినాలు మాకు ఫికర్ లేదు అనేది. మిగతాది అడిగినవాళ్లే అల్లుకునేవాళ్లు. అలా అల్లి అల్లి, డాక్టరమ్మ మొగుడు పాపం జబ్బు మనిషి, వెలుతురు పడదు, అందుకే చీకటి పడితే గానీ బయటికి రాడు అని ఊరంతా తేల్చింది. రంజాన్ పండుగకు పక్కింటావిడ భాయీసాబ్ కోసమని గిన్నెడు షీర్ ఖుర్మా పంపింది. అత్తమ్మ ముట్టదు, అంతా నేనే తిన్నాను. మరునాడు గిన్నె తిరిగిస్తూ అత్తమ్మ, ఒక్క చుక్క గూడ మిగల్లే అన్నది. అదీ నిజమే కదా.

నాకు మాత్రం ఒళ్లు మండేది. అన్నేళ్లు నిద్ర కాచి చదివితే రాని మర్యాద, లేని మొగుడి పేరు మీద వస్తున్నది. ఒకనాడు కోపం ఆపుకోలేక ఆ చెప్పుల్ని వాగులో పారేస్తానన్నాను. అత్తమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ముందుగాల లోపటికి కాలు పెట్టనియ్యి బిడ్డా. కోపం తర్వాత జేద్దువు," అన్నది.

నిజంగానే కాలు పెట్టాను. ఒకనాడు పెద్ద డాక్టరు పల్లెల మీదికి పోయిన వేళ, ఎలుగుబంటి చీల్చిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. భుజం నుంచి వీపు దాకా విడిపోయి ఉంది. వెంట వచ్చిన అన్న నన్ను చూసి, మగ డాక్టరు వచ్చేదాకా ఆగుతామన్నాడు. "ఆగితే నువ్వు ఆగుతవు, నీ తమ్ముడు ఆగడు," అన్నాను. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. అతను మంచం వదిలాడు. మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా కుట్టాను. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. కరీంనగర్‌లో ఉంటే ఆ మనిషిని నన్ను తాకనిచ్చేవాళ్లే కారు. అతను బతికాడు. కోలుకున్నాక అన్నదమ్ములిద్దరూ వచ్చి అడవి తేనె ఇచ్చి, ఇంట్లో దొరకు పెట్టమన్నారు. తేనె కూడా నేనే తిన్నాను.

పెద్ద డాక్టరు తిరిగొచ్చి ఆ కుట్లు చూశాడు. ఆయన హైదరాబాదు మనిషి, ఇంటిభాష ఉర్దూ, తెలుగు మాలాంటి వాళ్ల దగ్గర పట్టుకున్నాడు.  మరునాడు ఆపరేషన్ బల్లకు అటువైపు తనకు ఎదురుగా నన్ను నిలబెట్టాడు. కొన్నాళ్లకు బల్లకు ఇటువైపు, తను కోసే చోటికి వచ్చి నిలబడమన్నాడు. నా చేతిలో కత్తి పెట్టిన మనిషి ఆయన. ఏ దేవుడికి దండం పెట్టినా ఆయన మొహం మధ్యలో వస్తుంది. రోజూ మా ఇంటి మీదుగా పోతూ, లోపలున్నాడనుకున్న మా ఇంటాయనకు మర్యాదగా నుదుటికి చేయి ఎత్తేవాడు.

అలా రెండు మూడేళ్లు గడిచాయి. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, విలాయత్‌లో సర్జరీ పై చదువుకు జిల్లా నుంచి ఒక్కరిని పంపుతున్నారు, నీ పేరు రాయాలని ఉంది అన్నాడు.  కానీ ఆయన మాట అక్కడితో ముగియలేదు. పైవాళ్లు ఆడపేరు అనగానే మొహం తిప్పుకుంటున్నారట. సగంలో ఇంటివాళ్లు వెనక్కి పిలుస్తారు, చోటు వృథా అవుతుంది అంటున్నారట. అందుకని తను పూచీ పడాలి. పూచీ పడాలంటే మా ఇంటాయన నోటి మాట తన చెవులతో వినాలి. ఆదివారం సాయంత్రం వస్తానన్నాడు. ఇంకో పేరు కూడా ఆయన దగ్గర సిద్ధంగా ఉంది, జిల్లాలోనే ఇంకోచోట పనిచేసే ఒక కుర్ర డాక్టరుది. అతని గురించి ఎవరి ఇంట్లోనూ ఎవరినీ అడగనక్కర్లేదు.

సరిగ్గా ఆ వారమే బాపు కబురు పంపాడు. సంబంధం కుదిరిందట. తహసీల్దారు, భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. చదువులో నాకంటే తక్కువైనా హోదాలో ఎక్కువ కాబట్టి లెక్క సరిపోయింది. మాఘమాసానికి నౌకరీ వదిలి ఇంటికి రమ్మన్నాడు.

ఇంట్లో మగవాడు లేడని పెద్ద డాక్టరుకు చెబితే, ఆయన బాపును అడుగుతాడు. బాపు వద్దంటాడు. మొగుడు నిద్రపోతున్నాడని అబద్ధమాడితే, లేచేదాకా కూర్చుంటానంటాడు. ఎటు చూసినా దారి లేదు. వంటింట్లో కూర్చుని అత్తమ్మకు అంతా చెప్పాను. కత్తిపీట మీద వంకాయలు తరుగుతూ విన్నది. విలాయత్ ఎంత దూరమని అడిగింది. అక్కడ ఆడవాళ్లను కత్తి పట్టనిస్తారా అని అడిగింది.  ఆ సాయంత్రం చెప్పులకు చాలా సేపు ఆముదం రాసింది.

ఆదివారం పెద్ద డాక్టరు వచ్చాడు. అరుగు మీద కుర్చీ వేశాను. చాయ్ ఇచ్చాను.  ఆయన గడప ముందు చెప్పులు చూసి, "జర సాబ్‌ను పిలువమ్మా. పండుకునే ఉంటే నేనే లోపలికి వస్త," అన్నాడు.  నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

అప్పుడు అత్తమ్మ బయటికి వచ్చింది. పరాయి మగవాళ్లతో తలుపు వెనక నుంచే మాట్లాడే మనిషి ఆమె. గడప దాటింది. కొంగు నిండా కప్పుకుని చెప్పుల దగ్గర నిలబడింది. కుడికాలు పెట్టింది, ఎడమకాలు పెట్టింది. ఆ చిన్న పాదాలకు అవి పడవల్లా ఉన్నాయి. ఒక్క అడుగు ముందుకు వేస్తే, ఏళ్ల తరబడి మూగగా ఉన్న చెప్పులు కిర్రుమన్నాయి.

"గివి నాయే సారూ," అన్నది. "గీ ఇంట్ల మొగోడు లేడు. ఎన్నడూ లేడు. గీ పిల్ల బడికి పోయిన కాన్నుంచి తోడు నేనే, పెద్ద నేనే. నేను పంపుతున్న. నడుమల ఎవ్వలూ ఎన్కకు పిలువరు. గిది నా మాట."

పెద్ద డాక్టరు ఆమె మొహం చూడలేదు, పాదాలు చూశాడు. ఆయన మొహంలో ఏదో లెక్క తిరుగుతున్నది.

"అంటే గిన్ని దినాలు నేను సలాం చేసింది..."

"చెప్పులకే సార్," అన్నాను నేను. ఆ మాట నోరు జారింది.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ నవ్వాడు. పక్కింటి గోడ వెనక నుంచి ఇంకో నవ్వు వినిపించింది. ఆ ఇంటావిడ అంతా వింటూనే ఉంది. నవ్వు తగ్గాక ఆయన లేచి నిలబడ్డాడు. అత్తమ్మకు ఎదురుగా తల వంచి, చేయి నుదుటి దాకా ఎత్తి సలాం చేశాడు.

"ఇంటి పెద్ద మాట విన్న. నాకు గంతే కావాలె," అన్నాడు.

ఆయన పోయాక అత్తమ్మ అరుగు మీద కూలబడింది.  అప్పుడు గానీ ఆమె ఏం చేసిందో నాకు తట్టలేదు. ఈ లోకంలో ఆమెకున్నది ఒకే ఒక నీడ. ఎవరి నీడన బతుకుతున్నదో ఆ తమ్ముడి మాటకు, ఆయన చెప్పుల్లోనే నిలబడి అడ్డం పోయింది. నేను భయపడుతున్నానని కనిపెట్టి గోడ వైపు చూపించింది. తమ్ముడు ఎల్లగొడితే పక్కింటామె పెట్టుకుంటది తీ, అన్నది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని బాగా ఏడ్చాను.

ఇద్దరం కరీంనగర్ బయలుదేరాం. అత్తమ్మ చెప్పులు విప్పలేదు. బస్సులో, రైలులో, గోదావరి దాటేటప్పుడు, పెద్దపల్లి స్టేషన్‌లో, అన్నిచోట్లా వాటితోనే ఉంది. చూసినవాళ్లు నవ్వుకున్నారు. చేతిలో పట్టుకోమంటే వినలేదు. మా గల్లీలోకి తిరిగేసరికి కుంటుతున్నది. బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తన చెప్పుల చప్పుడు తనకు తెలియకుండా ఉంటుందా? తలెత్తాడు.

"అక్కా, గవి నా చెప్పులు గదా," అన్నాడు.

"నీయే తమ్మీ. నీ చెప్పులేసుకోని నేను మాటిచ్చిన. గీ పిల్ల విలాయత్ పోతది."

బాపు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. మరునాడు ఎవరితోనూ మాట్లాడలేదు. అవ్వ ఒక మూల, నేను ఒక మూల. నేను దారి పొడుగునా పోట్లాటకు మాటలు పేర్చుకుని వచ్చాను. ఏం చెప్పాలో, ఏ మాటకు ఏ మాట అనాలో అంతా సిద్ధం. ఒక్కటీ వాడుకోవాల్సిన పని పడలేదు. ఎందుకంటే మా బాపుకు ఒక జబ్బు ఉంది. ఇంటి నుంచి ఒకసారి మాట బయటికి పోతే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. ఆ మాట ఎవరిచ్చారని ఆయన తనను తాను అడిగి ఉంటాడు. చెప్పులు ఇచ్చి పంపింది తనే కదా.

ఆ తర్వాతి పొద్దున అత్తమ్మ బావి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే బాపు చూశాడు. మడమల మీద, వేళ్ల మీద బొబ్బలు చిట్లి ఉన్నాయి. అరుగు మీది నుంచి లేచిపోయాక ఆయన మాట్లాడిన మొదటి మాట నాతో కాదు.

"గంత పెద్ద చెప్పులతోని గంత దూరం ఎట్ల నడిసినవే అక్కా?"

అత్తమ్మ నీళ్లు పోసుకుంటూనే ఉంది. బాపు బయటికి పోయి, చెప్పులు కుట్టే ఆయనను వెంటబెట్టుకుని వచ్చాడు. వాకిట్లో తోలు పరిచారు. అత్తమ్మ వద్దు వద్దంటూ గోడకు జరిగింది. ఆమె పాదాన్ని ఎవరైనా కొలవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. బాపు వంగి, ఆమె మడమ పట్టుకుని తోలు మీద పెట్టాడు. కుట్టే ఆయన బొగ్గుతో గీత గీసి, కిర్రు పెట్టాలా, ఆడవాళ్లకు కదా వద్దా అని అడిగాడు.

"మంచిగ మోగాలె," అన్నాడు బాపు. "మా అక్క వస్తున్నదంటే వాడకట్టంత తెల్వాలె."

నేను గుమ్మం దగ్గర నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. తహసీల్దారు సంబంధం మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

విలాయత్‌కు నా పేరే ఖాయమైంది. ప్రయాణం నాటికి అత్తమ్మ కొత్త చెప్పులతో ఇల్లంతా కిర్రు కిర్రుమని తిరుగుతున్నది. అవ్వ పచ్చడి జాడీకి గుడ్డ కడుతున్నది. నా ట్రంకు పెట్టె మూయబోతుంటే బాపు పాత చెప్పులు పట్టుకుని వచ్చాడు. తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి, చీరల మధ్య తనే సర్దాడు. ఈయన కూడా నేను మగదిక్కు ఉన్నట్టు నటించాలంటాడా అని నాకు చివరిసారి కోపం రాబోయింది.

"ఆడ గడప ముందల పెట్టుకో బిడ్డా," అన్నాడు. "ఎవరియి అని ఎవరన్న అడిగితే, నీయే అని చెప్పు."

అడిగారు. చెప్పాను.